ఆరబోత కళ్ళానికి, పొలం బాటకు కావలసిన కంకర పరిమాణం: ఉత్తర కోస్తా జిల్లాల్లో అంచనా వేసే విధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఖరీఫ్ వరి కోతలు నవంబరు మధ్య నుంచి డిసెంబరు వరకు సాగుతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుపానులు ఎక్కువగా ఏర్పడే కాలంతో ఈ కోతలకాలం కలిసిపోవడం మన ప్రాంతపు వరిసాగులోని ప్రధానమైన చిక్కు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి, పైరు పొలంలో ఉండగానే నష్టపరచాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను ఎంతో దూరాన బాపట్ల వద్ద తీరం దాటినప్పటికీ, దాని వర్షాలు ఉత్తర కోస్తా వరకు వ్యాపించి కోతల పనులకు ఆటంకం కలిగించాయి. యంత్రంతో కోసిన ధాన్యంలో సాధారణంగా 20 నుంచి 24 శాతం తేమ ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో అనుమతించే గరిష్ఠ తేమ 17 శాతం. ఈ మధ్య ఉన్న కొన్ని శాతాల తేమను తొలగించడానికి రైతుకు దొరికే ఎండ రోజులు ఒక్కొక్క ఏడు నాలుగైదుకు మించవు.

ఆ నాలుగైదు రోజుల్లో ధాన్యం ఎక్కడ ఆరబోయాలన్నదే ప్రశ్న. పేడతో అలికిన మట్టి కళ్ళం ఒక వానకు బురద అవుతుంది. టార్పాలిన్ కింద నేల తడిగా ఉంటే గింజ అడుగు నుంచి చెమ్మ పీలుస్తుంది. అందువల్లనే జాతీయ రహదారి మీద, గ్రామాల తారురోడ్ల మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోయడం ఏటా కనిపించే దృశ్యమైంది. దానివల్ల జరిగే ప్రమాదాలు అందరికీ తెలిసినవే. తెలంగాణలో ఉపాధి హామీ నిధులతో పొలాల వద్ద సిమెంటు కళ్ళాలు నిర్మించిన అనుభవం ఉంది. మన జిల్లాల్లో కూడ సొంతంగా గాని, నలుగురైదుగురు కలిసి గాని కళ్ళం వేయించుకొనే రైతుల సంఖ్య పెరుగుతున్నది.

ప్రభుత్వ పనికి ఇంజనీరు అంచనా పత్రం ఉంటుంది. సొంతంగా వేయించుకొనే రైతుకు తాపీమేస్త్రి మాటే అంచనా. “ఎన్ని ట్రాక్టర్లు పడతాయి?” అనే ప్రశ్న చివరకు విస్తరణ శాస్త్రవేత్తను చేరుతుంది. వ్యవసాయ పట్టభద్రుడు దీనిని ఇంజనీరింగు విభాగానికి చెందిన ప్రశ్న అని పక్కకు నెట్టడం తగదని నా అభిప్రాయం. ఎరువు మోతాదు లెక్కగట్టగలిగినవారికి ఇది కష్టమైన లెక్క కాదు. అయితే పుస్తకంలోని వైశాల్యం, మందం గుణకారంతో ఆగిపోతే వచ్చే సమాధానం మూడింట ఒక వంతు తక్కువగా వస్తుంది. ఆ లోటు ఎక్కడ పుడుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కళ్ళం వైశాల్యం ఎంత ఉండాలి

కంకర లెక్కకు ముందు ధాన్యం లెక్క రావాలి. వడ్లను 4 సెం.మీ. మందంగా పరిచి, గంటకొకసారి కాలితో గాని పారతో గాని తిరగవేస్తే సమంగా ఆరుతాయి. వదులుగా పోసిన వడ్లు ఘనపు మీటరుకు సుమారు 580 కిలోలు తూగుతాయి. అంటే చదరపు మీటరుకు 23 కిలోలు పరచవచ్చు. ఎకరాకు 80 కిలోల బస్తాలు 30 పండాయనుకొంటే దిగుబడి 2,400 కిలోలు; దానిని ఒకేసారి ఆరబోయడానికి సుమారు 104 చదరపు మీటర్లు కావాలి. 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల కళ్ళం, అంటే 108 చదరపు మీటర్లు, ఇందుకు సరిపోతుంది. మన రైతులకు అలవాటైన కొలతలో చెప్పాలంటే ఇది రెండు సెంట్ల డెబ్బై వంతులకు కొంచెం తక్కువ. సెంటుకు 40.47 చదరపు మీటర్లు, లేదా 435.6 చదరపు అడుగులు.

మూడెకరాల రైతు మూడింతల కళ్ళం కట్టనవసరం లేదు. కోత యంత్రం ఒకే రోజు మూడెకరాలు కోసినా, ఆరబోత విడతలుగా సాగించే వీలుంది. కోత తేదీలను కళ్ళం వైశాల్యానికి అనుగుణంగా విభజించుకోవడం సేద్యపు ప్రణాళికలో భాగం. దానిని కాంక్రీటుతో పరిష్కరించడం ఖర్చుతో కూడిన పని.

రాయి, దాని మధ్య ఖాళీ

మన ప్రాంతంలో కంకరను ‘పిక్క’ అనడం వాడుక. ఎర్రని కంకర మట్టిని ‘గ్రావెల్’ అంటారు. ఈ రెండింటి పుట్టుక వేరు కాబట్టి లెక్క కూడ వేరు. తూర్పు కనుమల్లోని కొండలు చాలావరకు ఖోండలైట్, చార్నోకైట్, గ్రానైట్ నైస్ శిలలతో ఏర్పడినవి. ఖోండలైట్‌కు ఆ పేరు ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల నుంచి వచ్చింది. చార్నోకైట్‌కు కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధి రాయి నుంచి వచ్చింది. వ్యవసాయ విద్యార్థులు మృత్తికా శాస్త్రంలో ఈ పేర్లు చదువుతారు గాని, తాము రోజూ నడిచే రోడ్డు కింద ఉన్నవి అవేనని చాలామంది గమనించరు. ఖోండలైట్ శైథిల్యం చెందినప్పుడు మెత్తబడి, చేతితో నలిపితే పొడి అవుతుంది. అది గ్రావెల్ పొరకు పనికివస్తుంది గాని కంకరకు పనికిరాదు. కంకరకు గట్టి చార్నోకైట్ లేక గ్రానైట్ కావాలి. టెక్కలి పరిసరాల గ్రానైట్ పలకల రూపంలో పేరుపొందినదే. అనుమానం ఉన్నప్పుడు గుప్పెడు పిక్కను ఒక రాత్రి నీటిలో నానబెట్టి మర్నాడు సుత్తితో కొట్టి చూస్తే తేడా తెలుస్తుంది. గట్టి రాయి పదునైన అంచులతో చీలుతుంది. శిథిలమైన రాయి పిండి రాలుస్తుంది.

గట్టి రాయి సాపేక్ష సాంద్రత సుమారు 2.7. అంటే ఒక ఘనపు మీటరు ఏకశిల 2,700 కిలోలు ఉంటుంది. అదే రాయిని పగలగొట్టి వదులుగా పోస్తే ఘనపు మీటరులో 1,500 కిలోలే పడతాయి. మిగిలినది గాలి. 1,500ను 2,700తో భాగిస్తే 0.556, ఖాళీ భాగం 44 శాతం. మృత్తికా శాస్త్రంలో మనం చెప్పే స్థూల సాంద్రత, రంధ్రత అన్న భావనలు ఇవే. పొలం మట్టికి వాడే సూత్రం కంకరకు కూడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ ఖాళీని కొలవడానికి ప్రయోగశాల అవసరం లేదు. 15 లీటర్ల బకెట్టులో నానబెట్టి పైతడి ఆరిన పిక్కను అంచు వరకు నింపి, కొలపాత్రతో నీరు పోస్తూ అంచు చేరేవరకు ఎన్ని లీటర్లు పట్టాయో చూడాలి. ఆరున్నర లీటర్లు పడితే ఖాళీ 43 శాతం. ఆ బకెట్టు పిక్కను నీరు పోయకముందే తూచి ఉంచుకొంటే స్థూల సాంద్రత కూడ వస్తుంది. దీని ప్రామాణిక రూపం ఐఎస్ 2386 మూడవ భాగంలో ఉంది. ద్వితీయ సంవత్సరం విద్యార్థులకు మట్టి నమూనాతో పాటు కంకర నమూనా ఇచ్చి రెండు సాంద్రతలనూ ఒకే రోజు లెక్కగట్టిస్తే, రంధ్రత అన్న మాట వారికి కంఠస్థం చేయనక్కరలేకుండా పట్టుబడుతుంది.

రోలరు గాని, దిమ్మిస గాని చేసే పని ఈ ఖాళీని తగ్గించడమే. వదులు కంకరలో 44 శాతం ఉన్న ఖాళీ అణచిన తరువాత 32 శాతానికి దిగిందనుకొందాం. అప్పుడు ఘనపు మీటరులో 1,836 కిలోల రాయి పడుతుంది. 1,836ను 1,500తో భాగిస్తే 1.22. అంటే అణగిన స్థితిలో ఒక ఘనపు మీటరు కావాలంటే వదులుగా 1.22 ఘనపు మీటర్లు తెప్పించాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి నీటి కంకర రోడ్ల నిర్దేశాల్లో 75 మి.మీ. మందంగా అణగిన పొరకు 10 చదరపు మీటర్లకు 0.91 నుంచి 1.07 ఘనపు మీటర్ల వదులు కంకర అవసరమని ఉంది. దీనిని గుణకంగా మార్చితే 1.21 నుంచి 1.43 వరకు వస్తుంది. దిగువ హద్దు మనం ఖాళీల లెక్కతో రాబట్టిన 1.22కు దాదాపు సమానం. ఎగువ హద్దులో అదనంగా ఉన్నది రోలరు కింద నలిగే రాయి, అడుగు నేలలో దిగబడే రాయి, చేతిపనిలో చెదిరే రాయి అని అర్థం చేసుకోవచ్చు. మధ్య విలువ 1.32 మన పనికి అనువైనది. మన క్వారీల్లో 40 మి.మీ. పేరుతో అమ్మే పిక్కకు దీనిని వాడవచ్చు.

గ్రావెల్ సంగతి కొంచెం భిన్నం. దానిలో మట్టి, ఇసుక, రాయి కలిసి ఉంటాయి. తగినంత తేమతో అణిచినప్పుడు సన్నని రేణువులు పెద్దవాటి మధ్య చేరి ఘనపు మీటరుకు 1,900 కిలోల పొడి సాంద్రత చేరుతుంది. వదులుగా ఉన్నప్పుడు అది 1,450 కిలోల దగ్గర ఉంటుంది. నిష్పత్తి 1.3. పొడిగా అణిచిన గ్రావెల్ ఈ సాంద్రతకు రాదు. పైకి గట్టిగా కనిపించినా మొదటి వానకు కుంగుతుంది.

ఒక కళ్ళం లెక్క

12 మీ. × 9 మీ. కళ్ళానికి కింద 15 సెం.మీ. గ్రావెల్, దానిమీద 7.5 సెం.మీ. 40 మి.మీ. కంకర, పైన 8 సెం.మీ. కాంక్రీటు అనుకొందాం. ధాన్యపు ట్రాక్టరు ఎక్కే కళ్ళానికి ఇంతకు తగ్గించరాదు.

మామూలుగా మేస్త్రి చేసే లెక్క ఇది: 108ని 0.075తో గుణిస్తే 8.1 ఘనపు మీటర్లు. ‘యూనిట్’ అంటే 100 ఘనపు అడుగులు, అంటే 2.83 ఘనపు మీటర్లు. కాబట్టి మూడు యూనిట్లు చాలు అంటాడు. గుణకారంలో తప్పు లేదు. రెండు సంగతులు మాత్రం తప్పిపోయాయి.

మొదటిది అంచు. కాంక్రీటు అంచు కింద ఉన్న కంకర బయటకు జారకుండా ఉండాలంటే అడుగు పొరలను నాలుగు వైపులా 30 సెం.మీ. చొప్పున ఎక్కువగా వేయాలి. ట్రాక్టరు చక్రం కళ్ళం మీదకు ఎక్కేది అంచు నుంచే. మొదట పగిలేది కూడ అదే. కాబట్టి అడుగు పొరల వైశాల్యం 12.6 × 9.6, అంటే దాదాపు 121 చదరపు మీటర్లు. కేవలం ఒక అడుగు అంచు 12 శాతం అదనపు వైశాల్యం అవుతుందని ఊహతో చెప్పలేం. కళ్ళం చిన్నదైనకొద్దీ ఈ శాతం పెరుగుతుంది.

రెండవది పైన చెప్పిన అణచివేత గుణకం. 121ని 0.075తో, మళ్ళీ 1.32తో గుణిస్తే 12.0 ఘనపు మీటర్లు. అది 424 ఘనపు అడుగులు, నాలుగుంబావు యూనిట్లు. మేస్త్రి చెప్పిన దానికి ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు.

తక్కువ తెప్పిస్తే ఏమవుతుందన్నది అసలు విషయం. 8.1 ఘనపు మీటర్ల వదులు కంకరను 121 చదరపు మీటర్ల మీద పరిస్తే 6.7 సెం.మీ. మందం వస్తుంది. అణిచిన తరువాత మిగిలేది 5 సెం.మీ. 40 మి.మీ. రాయితో 5 సెం.మీ. పొర అంటే రాయి పక్కన రాయి ఉంటుందే గాని రాయి మీద రాయి ఉండదు. కంకర పొర బలం రాళ్ళ అంచులు ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం వల్ల వస్తుంది. ఒంటి వరుసలో ఆ పెనవేత ఏర్పడదు. రాయి బరువును పక్కకు పంచకుండా నేరుగా కిందికి నొక్కుతుంది. దానిమీద ఎంత మంచి కాంక్రీటు వేసినా రెండు మూడు వానకాలాల్లో బీటలు తీస్తుంది. బీటలోకి చేరిన గింజ మొలకెత్తుతుంది, చీమలు, పురుగులు చేరుతాయి. ఊడ్చిన ధాన్యంలో పెచ్చులు కలుస్తాయి. కొనుగోలు ప్రమాణాల్లో మట్టి, రాయి వంటి నిరింద్రియ వ్యర్థానికి అనుమతి ఒక్క శాతమే. కాబట్టి కంకరలో ఆదా చేశామనుకొన్నది ధాన్యం ధరలో పోతుంది. రైతుకు ఈ సంబంధాన్ని చూపగలిగితే, మందం ఎందుకు తగ్గించకూడదో వేరుగా ఒప్పించనవసరం లేదు.

గ్రావెల్‌కు ఇదే వైశాల్యం, 0.15 మందం, 1.3 గుణకం వాడితే 23.6 ఘనపు మీటర్లు, అంటే 833 ఘనపు అడుగులు. కంకర సందుల్లో నింపే క్వారీ డస్టు 10 చదరపు మీటర్లకు 0.20 ఘనపు మీటర్ల చొప్పున 2.4 ఘనపు మీటర్లు. పైన ఉన్న కాంక్రీటు లెక్క పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే గనుక క్లుప్తంగా చెప్తాను: 108ని 0.08తో గుణిస్తే 8.64 ఘనపు మీటర్లు. 1:2:4 మిశ్రమానికి 20 మి.మీ. పిక్క 7.6, ఇసుక 3.8 ఘనపు మీటర్లు, సిమెంటు 55 బస్తాలు.

వాలు వల్ల వచ్చే చిక్కు

వాన నీరు నిలవకుండా కళ్ళానికి 80కి 1 వంతున వాలు ఇవ్వాలి. 9.6 మీటర్ల వెడల్పుకు ఒక వైపు నుంచి మరొక వైపుకు 12 సెం.మీ. తేడా. ఈ వాలును ఎక్కడ ఇవ్వాలన్నది సాధారణంగా ఎవరూ ముందుగా నిర్ణయించరు. నేలను సమతలంగా చేసి, వాలు గ్రావెల్‌తో కల్పిద్దామని పని మొదలుపెడితే సగటున 6 సెం.మీ. అదనపు గ్రావెల్ పడుతుంది. 121ని 0.06తో, 1.3తో గుణిస్తే 9.4 ఘనపు మీటర్లు. ముందు వేసిన అంచనాకు నలభై శాతం అదనం. అదే వాలును అడుగు నేలలోనే చెక్కితే ఈ ఖర్చు మొత్తం తప్పుతుంది. పారతో ఒక రోజు పని, నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ రెండింటిలో ఏది చవకో రైతే నిర్ణయించుకోగలడు. మన బాధ్యత ఆ రెండు అంకెలూ ముందుగా అతని ముందుంచడం.

అడుగు నేల ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు సగటు లోతు తీసే పద్ధతిలో విద్యార్థులు తరచుగా పొరపడతారు. 12 × 9 స్థలాన్ని 3 మీటర్ల గడులుగా విభజిస్తే 20 బిందువులు వస్తాయి. నీటిగొట్టంతో ఒక్కొక్క బిందువు వద్ద పూడ్చవలసిన లోతు చూస్తాం. ఈ 20 లోతులను కూడి 20తో భాగించడం సరికాదు. మూల బిందువు ఒక్క గడికే చెందుతుంది, అంచు బిందువు రెండు గడులకు, లోపలి బిందువు నాలుగు గడులకు చెందుతుంది. కనుక వాటికి వరుసగా 1, 2, 4 బరువులు ఇవ్వాలి. ఉదాహరణకు నాలుగు మూలల్లో 6 సెం.మీ., పది అంచు బిందువుల్లో 9 సెం.మీ., ఆరు లోపలి బిందువుల్లో 14 సెం.మీ. లోతు ఉందనుకొందాం. సాధారణ సగటు 9.9 సెం.మీ. బరువులతో తీస్తే మూలల మొత్తం 24, అంచుల మొత్తం 180, లోపలి మొత్తం 336, కలిపి 540. దానిని 48తో భాగిస్తే 11.25 సెం.మీ. తేడా 1.35 సెంటీమీటర్లే. కాని 108 చదరపు మీటర్ల మీద అది వదులు గ్రావెల్ రూపంలో 1.9 ఘనపు మీటర్లు. పాత కళ్ళాలు మధ్యలో పల్లంగా అరిగి ఉండటం సహజం కాబట్టి, మన అనుభవంలో ఈ తప్పు ఎప్పుడూ తక్కువ వైపుకే మొగ్గుతుంది.

మెత్తని నేలలో దిగబడే రాయి

విజయనగరం, శ్రీకాకుళం మెట్ట ప్రాంతాల్లో ఎర్రని ఇసుక గరప నేలలు విస్తారంగా ఉన్నాయి. వాటిమీద పైన చెప్పిన లెక్కలు యథాతథంగా వర్తిస్తాయి. వంశధార, నాగావళి ఆయకట్టు పల్లపు భూముల విషయం వేరు. గొట్టా బ్యారేజీ, తోటపల్లి బ్యారేజీల కింద ఏళ్ళ తరబడి దమ్ము చేసిన వరి మడిలో పైన మెత్తని బంకమట్టి, దాని కింద నాగలి గట్టిపర ఉంటాయి. ఆ మెత్తని మట్టి మీద నేరుగా కంకర పోసి రోలరు నడిపితే రాయి కిందికి దిగుతుంది, బంకమట్టి సందుల గుండా పైకి వస్తుంది. 2.5 సెం.మీ. కంకర దిగబడిందంటే 121 చదరపు మీటర్ల మీద 3 ఘనపు మీటర్లు కనబడకుండా పోయినట్లే. అది మొత్తం పొరలో మూడో వంతు. పైగా మిగిలిన రాయికి మట్టి పూత పట్టి, తడిసినప్పుడల్లా జారుతుంది.

దీనికి ఎక్కువ కంకర పోయడం పరిష్కారం కాదు. మెత్తని మట్టిని గట్టిపర వరకు తొలగించి, 5 సెం.మీ. క్వారీ డస్టు పరిచి, ఆ తరువాత గ్రావెల్ వేయాలి. తొలగించిన మట్టి సారవంతమైనదే కాబట్టి పక్క మడికి చేర్చవచ్చు. తొలగించిన లోతు ఎంతో ఆ మేరకు పూడికను లెక్కలో చేర్చడం మరువరాదు.

పొలం బాట

మన పల్లెల్లో కోత యంత్రం మడి వద్దకు చేరలేకపోవడం కళ్ళం లేకపోవడం కన్న పెద్ద సమస్య. 300 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు బాటకు 15 సెం.మీ. గ్రావెల్ వేయాలనుకొంటే, 900 చదరపు మీటర్లకు అణగిన స్థితిలో 135, వదులుగా 175.5 ఘనపు మీటర్లు. అంటే 62 యూనిట్లు. సమావేశంలో ఈ సంఖ్య వినగానే రైతులు నమ్మరు, “అంత పడుతుందా?” అంటారు. నమ్మకపోవడం వల్లనే మధ్యలో డబ్బు చాలక, ఆఖరి వంద మీటర్లు పలచగా పరిచిన బాటలు కనిపిస్తాయి. అటువంటప్పుడు మందం తగ్గించకుండా పొడవు తగ్గించి, మిగిలినది మరుసటి ఏడాదికి వాయిదా వేయడం మేలు. పలచని గ్రావెల్ ఒక్క వానకాలంలో చక్రాల గాడిలో కలిసిపోతుంది. రెండో ఏడు మళ్ళీ మొదటి నుంచి వేయాలి.

బాట మధ్య ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటాయి కాబట్టి సగటు మందం తీయడంలో జాగ్రత్త కావాలి. మధ్య 18, అంచులు 12 సెం.మీ. ఉండి, రెండు వైపులా వాలు సరళరేఖగా ఉంటే సగటు 15. గుండ్రంగా విల్లు ఆకారంలో ఉంటే అంచు మందానికి తేడాలో మూడింట రెండు వంతులు కలపాలి. అప్పుడు సగటు 16. మూడు వందల మీటర్ల బాటకు ఈ ఒక్క సెంటీమీటరు నాలుగు యూనిట్లకు పైగా అవుతుంది.

నీటికుంటకు నీరు దిగే చోట గాని, చెరువు గట్టుకు గాని రాతికట్టు వేసేటప్పుడు కొలవవలసినది వాలు తలం, నేలమీది నీడ కాదు. 2కు 1 వాలులో వాలు తలం 12 శాతం, 1.5కు 1 వాలులో 20 శాతం ఎక్కువ. ఈ ఒక్కటి గుర్తుంచుకొంటే మిగిలిన లెక్క అంతా ఒకటే.

వచ్చిన సరుకు కొలత

అంచనా ఎంత సరిగా ఉన్నా, బండిలో వచ్చినది తక్కువైతే ఫలితం లేదు. ట్రాక్టరు తొట్టెలు ఒకే కొలతలో ఉండవు. తొట్టె లోపలి కొలతలు టేపుతో తీసుకోవాలి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు ఉంటే 90 ఘనపు అడుగులు. దానిని యూనిట్ అని పిలిచినంత మాత్రాన వంద కాదు. ఈ తొట్టెతో మన కళ్ళానికి 40 మి.మీ. కంకర 5, గ్రావెల్ 10, 20 మి.మీ. పిక్క 3 బండ్లు పడతాయి. సరుకు దారిలో కుదుపుకు కొంత అణుగుతుంది కాబట్టి, క్వారీ వద్ద అంచు వరకు ఉన్న బండి పొలం వద్ద కొంచెం దిగి కనిపించడం మోసానికి నిదర్శనం కాదు. బరువు తగ్గదు. అందువల్ల వీలున్న చోట వేబ్రిడ్జి చీటీ అడగడం మంచిది. మన 12 ఘనపు మీటర్ల కంకర 18 టన్నులు ఉండాలి.

కుప్ప పోసిన తరువాత కూడ సరిచూసుకోవచ్చు. కుప్ప దాదాపు శంకువు ఆకారంలో ఉంటే, చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆ వచ్చినదాన్ని ఎత్తుతో గుణించి 37.7తో భాగించాలి. చుట్టుకొలత 9 మీటర్లు, ఎత్తు 1.2 మీటర్లు ఉన్న కుప్పలో సుమారు 2.6 ఘనపు మీటర్లు, అంటే పై తొట్టెడు సరుకు ఉన్నట్లు.

బరువు, ఘనపరిమాణం రెండింటిలో ఏది నమ్మాలన్నది సరుకును బట్టి ఉంటుంది. గట్టి రాయి నీటిని పీల్చదు కాబట్టి కంకరకు బరువు నమ్మదగినది. డస్టు, ఇసుకల్లో ఇది తారుమారు అవుతుంది. తడిసిన సన్నని రేణువుల చుట్టూ నీటి పొర ఏర్పడి అవి దూరం జరుగుతాయి. 5 నుంచి 8 శాతం తేమ వద్ద ఘనపరిమాణం 20 శాతం వరకు ఉబ్బవచ్చు. 2.4 ఘనపు మీటర్ల పొడి డస్టు తడిస్తే 2.9 ఘనపు మీటర్లుగా కనిపిస్తుంది. అది 90 అడుగుల తొట్టెలో పట్టదు. వానకాలంలో డస్టు కొనేవారు తొట్టెడు నిండిందని సంతృప్తి చెందరాదు. పొడి స్థితికి మార్చి లెక్క చూసుకోవాలి. అలాగని పొడి డస్టును అలాగే పరచరాదు. అందులోని సన్నని సిలికా ధూళి కూలీల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కొనేటప్పుడు పొడిగా, పరిచేటప్పుడు తడిగా ఉండటం అన్ని విధాలా క్షేమం.

గ్రావెల్, కంకర మార్చి, ఏప్రిల్ నెలల్లోనే తోలించుకోవడం మంచిది. మడుల్లో అప్పుడే బండి తిరగగలదు. గ్రావెల్ పొరను తడిపి అణిచి, ఒక వానకాలం అలాగే వదిలి, కుంగిన చోట్ల పూడ్చి, అక్టోబరులో వాన తెరిపి ఇచ్చినప్పుడు కంకర, కాంక్రీటు వేసుకొనే రైతుల కళ్ళాలు ఎక్కువ కాలం నిలుస్తున్నాయి. ఆ ఏటి పంటకు కాంక్రీటు అందుతుందా లేదా అన్నది వాతావరణం మీద ఆధారపడి ఉంటుంది గనుక, తొందర ఉన్నవారికి ఇది సరిపడదు.

కాంక్రీటు వేసే ముందు విస్తరణ అధికారి చేయవలసిన తనిఖీ ఒకటుంది. రోలరు నడిచిన కంకర పొరలో మూడు చోట్ల, ఒకటి తప్పనిసరిగా అంచు దగ్గర, 30 సెం.మీ. × 30 సెం.మీ. గుంత గ్రావెల్ కనిపించేవరకు తీసి, వచ్చిన సరుకును జల్లించి డస్టు వేరుచేసి తూచాలి. పొర 7.5 సెం.మీ. ఉంటే కంకర 12 కిలోలకు పైగా రావాలి. 8 కిలోల దగ్గర ఆగితే ఆ చోట పొర 5 సెంటీమీటర్లే. అటువంటి చోట్ల మళ్ళీ కంకర పరిచి రోలరు నడిపించాలి. తీసిన గుంతలను అదే కంకర, డస్టుతో నింపి, తడిపి, దిమ్మిసతో అణిచిన తరువాతనే కాంక్రీటుకు చెక్కలు బిగించాలి.